బలాబలాల లెక్కలో మా అన్న

నిరుడు ఎండకాలంలో కంటి పరీక్షకని హనుమకొండలో ఒక దవాఖానకు పోయి వరుసలో కూర్చున్నాను. ఎదురుగా గోడకు టీవీ, అందులో రెండు జెండాలు, వాటి కింద రెండు వరుసల్లో అంకెలు: సైనికులు, ట్యాంకులు, విమానాలు, ఓడలు. ఇరుగుపొరుగు దేశాల మధ్య మళ్లీ నిప్పు రాజుకున్న రోజులవి. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఆ అంకెలను క్రికెట్ స్కోరు చదివినట్టు పైకి చదివి, "మనం డబుల్ ఉన్నం, వాళ్లేం నిలుస్తరు" అనగానే అక్కడున్నవాళ్లందరి ముఖాలూ తేటపడ్డాయి. నా వంతు రాకముందే లేచి ఇంటికి వచ్చేశాను. ఎందుకో నా ఈడువాళ్లకు పెద్దగా చెప్పనక్కరలేదు. ఆ రెండు వరుసలను మనం ఇదివరకే చూశాం.

1971 డిసెంబరు మూడు, శుక్రవారం నాడు యుద్ధం మొదలైంది. అప్పుడు మేము కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాపు, అంటే మా నాన్న, అక్కడే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. నేను వరంగల్‌లో డిగ్రీ రెండో ఏడాది లెక్కలు చదువుతున్నాను. నాకంటే మూడేళ్లు పెద్దవాడైన అన్న, రైల్వేలో ఏదో ఒక పని దొరికేదాకా ఆగమన్నా ఆగకుండా సైన్యంలో చేరి, పడమటి సరిహద్దులో ఎక్కడో ఉన్నాడు. ఎక్కడన్నది ఉత్తరాల్లో రాయకూడదు కనుక మాకు తెలియదు. నవంబరులో వచ్చిన కార్డులో చలి ఎక్కువగా ఉందని, రెండు స్వెట్టర్లు వేసుకుంటున్నానని మాత్రం రాశాడు. ఆ తరువాత కబురు లేదు.

పేపర్లో రెండు దేశాల బలాబలాల పట్టిక వచ్చేది. దాన్ని విడమరచి చెప్పే పని నాకు పడింది. సాయంత్రం రేడియో వార్తలకు ముందు పక్క క్వార్టరులోని ఇంజను డ్రైవరు మామ వరండాలో అందరూ చేరేవారు. లెక్కలు చదివే పిల్లనని నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మనకెన్ని వాళ్లకెన్ని అని అడిగేవారు. నేను పెద్ద పెద్ద అంకెలను కుదించి, మనం ఇంతైతే వాళ్లు అంత అని చెప్పేదాన్ని. ఆ అంకెలు నాకిప్పటికీ నోటికి వస్తాయి కానీ ఇక్కడ రాయను. అందులో ఎన్ని నిజమో అచ్చువేసినవారికైనా తెలుసునని నేను అనుకోను.

"మనయే ఎక్కువున్నయ్ గదా అక్కా, ఇంకేం ఫికర్? వారం దినాలల్ల ఒడిసిపోతది" అన్నాడు డ్రైవరు మామ ఒకనాడు మా అవ్వతో. అవ్వ అంటే మా దిక్కు తల్లే. ఆమె గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది.

"ఎక్కువున్న దిక్కు ఒక్కలన్న సావరా తమ్మీ?"

"నువ్వట్ల అంటే యుద్ధమే బంద్ చెయ్యాలె అక్కా" అని ఆయన నవ్వాడు.

"చెయ్యిమను. నాకేం తక్కువైతది?"

మరునాడు పొద్దున అవ్వ ఆ పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. ఇందులో మీ అన్న ఏ గడిలో ఉన్నాడని అడిగితే, సైనికుల సంఖ్య ఉన్న గడి చూపించాను. ఆమె ఆ సంఖ్య చివరన వేలు పెట్టింది. "ఈడికెల్లి ఒకటి తీస్తే, నువ్వు రోజు చెప్పే లెక్క మారతదా బిడ్డా?"

మారదన్నాను. అది నిజం కూడా. ఆమె వేలు తీసి, పేపరు మడిచి, వంటింట్లోకి పోయింది. ఆ తరువాత ఆ వరండాకు రాలేదు, నన్నూ పోనివ్వలేదు.

తంతి రాలేదంటే క్షేమంగా ఉన్నట్టేనని క్వార్టర్లలో అందరూ మాకు ధైర్యం చెప్పేవారు. ఒక్క బాపు దాన్ని ఒప్పుకోలేదు. ఆయన పనిలో ఒక నియమముంది. ఒక స్టేషను నుంచి బండిని వదిలితే, అది చేరిందని అవతలి స్టేషనువాళ్లు చెప్పేదాకా మధ్యదారిలో, వాళ్ల మాటలో సెక్షన్‌లో, బండి ఉన్నట్టే లెక్క. ఎంతసేపైనా, కంటికి కనబడకపోయినా, చప్పుడు వినబడకపోయినా ఉన్నట్టే. ఆ దారిలోకి ఇంకో బండిని వదలకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ నియమం మీదనే బతికిన మనిషికి, కబురు లేకపోవడం శుభవార్త ఎట్లా అవుతుంది? ఆయన డ్యూటీ నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచిపోయేవాడు.

యుద్ధం పదహారున ముగిసిందంటారు. తూర్పున లొంగిపోయింది ఆనాడే కానీ, పడమటి దిక్కు తుపాకులు ఆగింది పదిహేడున, శుక్రవారం రాత్రి. మాకు ఆ ఒక్కరోజూ లెక్కే. క్వార్టర్లలో పటాకులు కాల్చారు. డ్రైవరు మామ మిఠాయి పొట్లం తెచ్చి, లోపలికి రాలేక, మా కిటికీలో పెట్టి పోయాడు. జనవరిలో తంతి వచ్చింది. చనిపోయాడని లేదు. కనబడటం లేదని ఉంది.

ఆ ఏడాదంతా ఎట్లా గడిచిందో రాయడం నా వల్ల కాదు. డిసెంబరులో పడమటి సరిహద్దులో ఖైదీల మార్పిడి జరిగింది. వచ్చినవాళ్లలో అన్న లేడు. కొన్నాళ్లకు ప్రభుత్వం నుంచి, మరణించినట్టుగా భావించడమైనదని కాగితం వచ్చింది. చుట్టాలు దినాలు చేయమన్నారు. "చేరిందని ఎవరన్నరు? చూసినోడు ఎవడు? బండి సెక్షన్లనే ఉన్నది" అన్నాడు బాపు. కబురు లేకపోతే క్షేమం కాదని ఏ నియమంతో ఏడ్చాడో, అదే నియమం పట్టుకుని ఇప్పుడు కొడుకును చావనివ్వలేదు.

అవ్వ బాధ వేరు. మా దిక్కు పెత్రమాస నాడు, బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య నాడు, పోయినవాళ్ల పేరు చెప్పి పూజారి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఇస్తే కొడుకును తన చేత్తో చంపినట్టు. ఇవ్వకపోతే, ఒకవేళ పోయి ఉంటే, వాడు అక్కడ ఆకలితో ఉన్నట్టు. ప్రతి ఏడూ ఆ పొద్దున ఆమె బియ్యం చేటలో పోసుకుని మెరిగలు ఏరుతూ బాపు ముఖం చూసేది. ఆయన తల అడ్డంగా ఊపి బయటికి పోయేవాడు. ఆ బియ్యం తిరిగి డబ్బాలో పోసేది. నేను ఉద్యోగంలో చేరి, పెళ్లయి, వరంగల్‌లోనే కాపురం పెట్టిన తరువాత కూడా ఆ పొద్దుటికి కాజీపేట పోయి పక్కన కూర్చునేదాన్ని.

1985లో బాపు పోయాడు. ఆ ఏడు పెత్రమాసకు ఆయన పేరిట మోదుగాకు విస్తరిలో బియ్యం పోశాను. ఇక అన్న సంగతి ఏం చేస్తుందోనని అవ్వ వైపు చూశాను. ఇప్పుడు కాదనేవారు ఎవరూ లేరు.

"ఇంకో సోలెడు పొయ్యి" అన్నది.

"ఎవరి పేరు మీద అవ్వా?"

"మీ బాపు పేరు మీదనే. ఆడ వాడు కనవడితే ఇద్దరు తింటరు. కనవడకపోతే మీ బాపే తింటడు."

అవ్వ కూడా పోయి చాలా కాలమైంది. ఆ పని ఇప్పుడు నాది. బాపుకు, అవ్వకు రెండు విస్తర్లు పెట్టి, బాపు దాంట్లో సోలెడు ఎక్కువ పోస్తాను.

మొన్న మా మరిది కొడుకు, సిగ్నల్ విభాగంలో ఇంజినీరు, చెప్పాడు. ఇప్పుడు స్టేషను మాస్టర్లు అవతలివాళ్ల జవాబు కోసం చెవులు రిక్కించి కూర్చోనక్కరలేదట. పట్టాల పక్కన పెట్టిన పరికరం, సెక్షన్లోకి పోయిన ఇరుసులెన్నో, బయటికి వచ్చినవెన్నో తానే లెక్కపెడుతుందట. ఒక్కటి తక్కువైనా దారి తెరుచుకోదట, సిగ్నలు ఎర్రగానే ఉంటుందట. మంచి లెక్క. బాపు ఉంటే ఎంత సంతోషించేవాడోననుకున్నాను. ఒక్కటి తక్కువైతే అన్నీ ఆగిపోయే లెక్క ఒకటి ఉంటుందని, ఆ పొద్దున పేపరు మడిచిపెట్టిన అవ్వకు నేను చెప్పలేకపోయాను. అప్పటికి అది పట్టాల మీదికి కూడా రాలేదు.