మునెమ్మ కవరు, మా సార్ ఎడమ పేజీ

మా సార్ పోయారని తెలిసి నేను ఏడుస్తుంటే, పీహెచ్‌డీ సీటు పోయినందుకు ఏడుస్తున్నానని మా ఇంట్లో వాళ్లు అనుకున్నారు. "ఇంకో సారు దొరుకుతాడులే పాపా, ఈయనొక్కడేనా ఉండేది?" అంది అమ్మ. నాయన ఇంకో అడుగు ముందుకేశాడు. "ఆఫీసులో రాజీనామా ఇంకా ఇయ్యలేదు కదా. మంచిదే అయింది." ఓదార్చడానికే అన్నాడని తెలుసు. అయినా ఆ 'మంచిదే' అన్న మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు.

వార్త వచ్చింది ఆదివారం పొద్దున. కాలేజీ వాట్సాప్ గ్రూపులో రెండే వరుసలు. నడకకు పోయి వచ్చి, మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ అలాగే ఒరిగిపోయారట. నేను మొదట ఏడవలేదు. ఆ వార్తలో తప్పెక్కడుందో వెతికాను. ఆ పొద్దునే ఆరూ పదికి ఆయన నాకు మెసేజ్ పెట్టి ఉన్నారు: "పద్నాలుగో పేజీ, మూడో వరుస. మళ్లీ చూడు." ఆరూ పదికి పేజీ నంబరు చెప్పిన మనిషి ఏడున్నరకు లేకపోవడం ఎట్లా? పేరు పొరపాటు పడి ఉంటుందని గ్రూపులో "ఏ సార్?" అని అడిగాను. ఆయన ఇంటికి ఫోన్ చేశాను. వాళ్లమ్మాయి ఎత్తింది. ఇక సరిచూడడానికి ఏమీ మిగల్లేదు.

కృష్ణగిరి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన మాకు కంప్యూటర్ సైన్స్ చెప్పారు. పాఠం చెప్పడం ఆయన పనిలో సగం. మిగతా సగం, సాఫ్ట్‌వేర్ ఎక్కడ తప్పు చేస్తుందో కనిపెట్టే పరిశోధన. వయసులో ఉన్నప్పుడు హోసూరు ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపే ప్రోగ్రాములను పరీక్షించేవారు. వెయ్యి రకాలుగా పరీక్షించినా పరీక్షించనిది ఇంకొకటి మిగులుతుందని విసుగెత్తి, ప్రోగ్రాము తప్పు చెయ్యదని గణితంతోనే రుజువు చేసే దారి పట్టారు. చాలా ఏళ్లు ఆ దారిలోనే నడిచారు.

మొదటి ల్యాబ్‌లో నా ప్రోగ్రాము చూపించి, "పని చేస్తా ఉండాది సార్" అన్నాను గర్వంగా. ఆయన కుర్చీ లాక్కుని, వయసు అడిగిన చోట ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కారు. ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయింది. "పని చేస్తా ఉండాదనేది వార్త గాదమ్మా. ఎప్పుడు చెయ్యదో అది చెప్పు." వెనక బెంచీల్లో నవ్వులు. నా మొహం మాడిపోయింది. ఆయన నాకు నచ్చింది మాత్రం అప్పుడే.

తాళం వేసి తలుపు లాగి చూడడం అందరూ చేసేదే. ఆయన కిటికీ కూడా తోసి చూసేవారు. ఒకసారి మా ఇంటికొచ్చి, బెల్లు రెండుసార్లు నొక్కి, తలుపు తీసిన అమ్మను "రెండోసారి కూడా మోగిందా అమ్మా?" అని అడిగారు. అమ్మకు ఈనాటికీ ఆయన 'ఆ బెల్లు సారు'.

నేను ఆఖరి ఏడాదిలో ఉండగా ఉద్దనపల్లి దగ్గర ఒక గులాబీల షెడ్డుకు ఆయన ఒక ప్రోగ్రాము రాశారు. ప్లాస్టిక్ కప్పు కింద వేడి పెరిగితే గొట్టాల నుంచి సన్నటి తుంపర పడాలి, తగ్గితే ఆగాలి. అంతే. అది తప్పు చెయ్యదని ఇద్దరం కూర్చుని రుజువు చేశాం. నెల తిరక్కుండా షెడ్డు యజమాని ఫోన్ చేసి అరిచాడు. "మీ రుజువును ఊరబెట్టుకోనా సార్? పొద్దస్తమానం తుంపరే! మొగ్గలన్నీ బూజు పట్టినాయి!"

పోయి చూశాం. వేడిని కొలిచే చిన్న పెట్టెకు ఎవరో పాలిథీన్ కవరు తొడిగి, పురికొసతో పద్ధతిగా ముడి వేశారు. ఎండకు కవరు లోపల ఉడికిపోతోంది. పెట్టె ఆ వేడిని చూసి తుంపర వదులుతూనే ఉంది. పూలు కోసే మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకొచ్చింది. "నేనే కట్టినాను సార్. దినామూ తడుస్తా ఉంటే పాపం అనిపించింది. చెడిపోతే మళ్లా మీరే అంత దూరం నుంచి రావల్ల కదా."

యజమాని ఆమె మీదికి లేచాడు. మా సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఆమెను ఏమీ అనొద్దప్పా. ఆమె చేసింది మంచి పనే. ఆమె ఈడ ఉంటాదని మేమే అనుకోలేదు." ఆ కవరు అడిగి తీసుకున్నారు. "ఇదెందుకు సార్, కొత్తది ఇస్తాను" అంది మునెమ్మ. "ఇదే కావల్లమ్మా."

దాన్ని కాలేజీలో తన గది గోడకు మేకు కొట్టి తగిలించారు. ఆయన నోటుబుక్కులో కుడి పేజీ రుజువుకు. ఎడమ పేజీకి పైన 'నమ్మినవి' అని రాసి ఉండేది. మునెమ్మకు ముందు ఎడమ పేజీలో రెండు మూడు వరుసలే. ఆ తర్వాత ముందుగా నిండేది అదే. కరెంటు పోయి వస్తుంది. పెట్టెను ఎవరైనా కప్పుతారు. తీగను ఎలుక కొరుకుతుంది. "రుజువు కంటే దాని కింద దాక్కున్నదే పెద్దదమ్మా," అనేవారు. మనం నమ్ముతున్నామని మనకే తెలియని వాటిని వెతికిపట్టే పద్ధతి ఒకటి కావాలన్నది ఆయన ఆఖరి పరిశోధన. "నీ పీహెచ్‌డీకీ చాలు, నా రిటైర్‌మెంటుకూ చాలు. ఎప్పుడొస్తావు?" అని అడిగారు. నేను హోసూరు ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఆయన రాసింది సరిచూస్తున్నాను. "నాయనతో మాట్లాడి వచ్చే నెల చెప్తాను సార్" అన్నాను. "సరే, వచ్చే నెల," అన్నారు.

ఆ నెల రాకముందే ఆయన పోయారు. ఉద్దనపల్లి నుంచి మునెమ్మ రెండు బస్సులు మారి సార్ ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర నన్ను పట్టుకుని, "మొన్న కూడా ఫోన్ చేసి, పెట్టె ఎట్లుండాదమ్మా అని అడిగినాడు. ఆయన ఎట్లుండాడని నేను అడగనే లేదు" అంది. నేనూ అడగలేదు.

పన్నెండో రోజు సార్ భార్య ఆ నోటుబుక్కు, కవరు నా చేతికిచ్చారు. పద్నాలుగో పేజీ, మూడో వరుస చూశాను. నిజంగానే తప్పు ఉంది. సరిచూస్తూ నేను మార్చిన వరుసే అది. దిద్దాను. తర్వాత ఎడమ పేజీ మొత్తం చదివాను. కరెంటు ఉంది, ఎలుక ఉంది, మునెమ్మ ఉంది. ఈ పని అయ్యేదాకా సార్ ఉంటారన్నది లేదు. అన్నిటికంటే గట్టిగా నేను నమ్మింది అదే. చివరి వరుస కింద నా చేతిరాతతో అది రాశాను.

అదే డిపార్ట్‌మెంటులో ఒక మేడమ్ నాకు గైడుగా ఉంటానన్నారు. "నాకు ఇందులో సగమే తెలుసమ్మా, మిగతాది ఇద్దరం నేర్చుకుందాం" అన్నారు.

కవరు ఇప్పుడు మా ఇంట్లో నా బల్ల ముందు మేకుకు వేలాడుతోంది. పురికొస ముడి నేను విప్పలేదు. ఫ్యాను వేస్తే కవరు కాస్త ఉబ్బి, మళ్లీ అణిగిపోతుంది. బుధవారం ఆఫీసులో రాజీనామా ఇచ్చాను.