అమావాస్య నాటి సాక్షి

ఆ రోజుల్లో పదో తరగతి తప్పడమంటే ఇప్పటిలా తలుపు వేసుకుని దుఃఖించే సొంత వ్యవహారం కాదు, వాడకట్టంతా కలిసి జరుపుకునే జాతర. పేపర్లో నంబరు పడలేదని తెలియగానే పాలామె మొదలుకొని మేనత్త తోడికోడలి చెల్లెలి దాకా అందరూ పరామర్శకు వచ్చేవారు. వచ్చి, "అయ్యో బిడ్డా" అని, చాయ్ తాగి పోయేవారు. నేను తప్పిన ఏడాది గద్వాలలో మా ఇంట్లో కాచిన చాయ్‌తో జూరాల ప్రాజెక్టు నిండేది (అప్పటికింకా దాన్ని కడుతూనే ఉన్నారు కనుక నా మాట అబద్ధమని ఎవరూ నిరూపించలేరు). తప్పింది ఒక్క లెక్కల్లోనే. నూటికి పదకొండు వచ్చాయి. ఆ పదకొండు కూడా హాల్‌టికెట్ నంబరు తప్పుల్లేకుండా రాసినందుకు ఇచ్చి ఉంటారని మా నాయన అభిప్రాయం.

మాది నేత ఇల్లు. చదువు రాకపోతే మగ్గం ఉంది కదా అంటారేమో, ఆ ముచ్చటా తీరింది. నన్ను ఒక్క పూట మగ్గం గుంటలో కూర్చోబెడితే నేను తెంపిన పోగులు ముడివేయడానికి మా నాయనకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆయన తీర్పు చెప్పాడు. "సదువు నిన్నొద్దన్నది. మగ్గమూ నిన్నొద్దన్నది. సెప్టెంబర్ల మల్ల తప్పినవా గిట్ల, రాయచూరు మామ దుకాన్ల చీరలు మడతబెట్టనీకె తోలిస్త." మూలన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న మా అవ్వ (నాయనను కన్నతల్లి) చెయ్యి టక్కున ఆగింది. "వాడు రాయచూరు పోతే నాకు సూదిల దారం ఎవడెక్కిస్తడు?" అన్నది. అది ఉత్త సాకని ఇంట్లో అందరికీ తెలుసు. అవ్వ చెప్పిన కథనే నూటొక్కసారి చెప్పినా కొత్తగా విన్నట్టు మొహం పెట్టే శ్రోతను నేనొక్కడినే. నేను పోతే ఆమెకు మిగిలేది రాట్నం చప్పుడు మాత్రమే.

అట్లా నన్ను కోట దగ్గరి మిద్దెలో ట్యూషన్ చెప్పే సారు దగ్గర పడేశారు. ఊళ్ళో ఆయన్ని 'తెల్వదు సారు' అనేవారు. ఆయన బోధనా పద్ధతి అదే మరి. చాపల మీద మేము పదిహేను మందిమి కూర్చుంటే, ఆయన వచ్చి అందరికంటే వెనక, గోడకానుకుని కూర్చునేవాడు. చాక్‌పీస్ మా చేతిలో, పలక ఆయన చేతిలో. "సార్, ఈ లెక్క ఎట్ల చెయ్యాలె?" అంటే తల గోక్కుని, "నాకు తెల్వదు బిడ్డా. నువ్వు చెప్పు, నేను నేర్చుకుంట" అనేవాడు. మనం బోర్డు మీద ఏదో గిలుకుతామా, "జర ఆగు, ఆ మూడు యాడికెల్లి వచ్చింది?" అని అమాయకంగా అడిగేవాడు. ఆ మూడు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే మన అజ్ఞానమంతా వరుసగా బయటపడేది. ఈ సంగతి విని మా అమ్మ బెంగపడింది. "ఏం తెల్వనోని కాడికి తోలితే వీనికేం తెలుస్తది?" దానికి నాయన, "ఇద్దరికీ తెల్వకపోతే దోస్తానా కుదుర్తది తియ్" అన్నాడు.

అసలు గండం అది కాదు, అమావాస్య. మా దగ్గర అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. సారు పరీక్ష పెట్టేదీ ఆ రోజు పొద్దున్నే, అదీ మాకు కాదు. ఆ నెలలో నేర్చుకున్న దాంట్లో ఒక పాఠం ప్రతివాడూ ఇంట్లో ఎవరికో ఒకరికి నేర్పి, వాళ్ళను సాక్షిగా తోలుకొని రావాలి. సారు సాక్షిని అడుగుతాడు. సాక్షి చెప్పినదాన్ని బట్టి మార్కులు మనకు. "నీకొచ్చిందో లేదో నాకెట్ల తెలుస్తది? నీ కాడ నేర్చుకున్నోళ్ళను జూస్తె తెలుస్తది" అనేవాడు. (అమావాస్య పూట జనాన్ని పోగేస్తున్నాడని, ఆయనకు మంత్రాలొచ్చని పక్క వీధిలో గట్టి నమ్మకం. ఆ వీధి పిల్లలు ఒక్కరూ ట్యూషన్‌కు రాలేదు.)

నాకు దొరికిన సాక్షి అవ్వ. ఆ నెల పాఠం శ్రేఢులు. పరీక్షకు ముందు రోజు ఆమె పక్కన కూలబడి పుస్తకం తెరిచి, పట్వారీ కాగితం చదివినట్టు చదివాను. "ఒకటి, మూడు, అయిదు, ఏడు, ఇట్ల పది సంఖ్యలు కూడితే నూరు." అవ్వ రాట్నం ఆపింది. "పైన ఒకటి, దాని కింద మూడు, దాని కింద అయిదు. గిది మన కోటకొమ్మ లెక్క గాదురా?" కోటకొమ్మ అంటే మా గద్వాల చీర అంచు మీద వరుసగా నిలబడే గోపురాల డిజైను. కొనన ఒక్క గడితో మొదలై, కిందికి దిగేకొద్దీ ప్రతి వరుసలో అటొకటి ఇటొకటి పెరుగుతుంది. నేను విసుక్కున్నాను. "అవ్వా, గది చీర. గిది గణితం. నీకు సమజ్ గాదు గాని, సారు ఏమడిగినా 'నూరు' అను. ఎక్కువ మాట్లాడకు." "సరే కొడుకా, నూరు" అని అవ్వ మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

తెల్లారి అవ్వ తయారైన తీరు చూసి మా వాడకట్టు నివ్వెరపోయింది. సందుగలోంచి తన చేత్తో తాను నేసుకున్న మామిడిపండు రంగు చీర తీసి కట్టింది. నాఫ్తలిన్ వాసనకు దారి పొడుగునా కుక్కలు తుమ్మాయి. బడి మెట్లు ఎన్నడూ ఎక్కని మనిషి, మిద్దె మెట్లెక్కే ముందు చెప్పులు విడిచి గడపకు దండం పెట్టింది. మాకంటే ముందు ఒక దోస్తు తన చిన్నాయనను తెచ్చాడు. సారు ప్రశ్న అడగ్గానే ఆ పెద్దమనిషి "నాకు తెల్వదు" అన్నాడు. "నాకూ తెల్వదు" అని సారు సంతోషంగా చేయి కలిపాడు. దోస్తుకు సున్నా.

మా వంతు వచ్చింది. "కూసో అవ్వా. మీవాడు శ్రేఢులు చెప్పిండంట. ఒకటి, మూడు, అయిదు, గట్ల పన్నెండు వరుసలు కూడితే ఎంతయితది?"

పన్నెండు! పుస్తకంలో ఉన్నది పది.

అవ్వ నా దిక్కు చూసింది. నేను కళ్ళతోనే బతిమాలాను. "నూరు" అన్నది గట్టిగా. అంతలోనే చెయ్యెత్తింది. "ఆగు సారూ. నూరు అనుమని వీడు జెప్పిండు. గాని నూరు గాదు."

చాపల మీద నవ్వు లేచింది. అవ్వ అదేమీ పట్టించుకోకుండా కొంగు ఒళ్ళోకి లాక్కుని, అంచు మీది కోటకొమ్మ పైన వేలు పెట్టింది. "ఇగో, పైన ఒకటి. అడుగున ఇరవై మూడు. రెండూ కలిపితే ఇరవై నాలుగు. పైకెల్లి రెండోది మూడు, కిందికెల్లి రెండోది ఇరవై ఒకటి. మల్ల ఇరవై నాలుగే. కొనను తెచ్చి అడుగుకు బోర్లిస్తే అన్ని వరుసలూ సమానమైతయి. గట్ల ఆరు జతలు. నాలుగు జతలకు తొంభై ఆరు, ఇంకో రెంటికి నలభై ఎనిమిది. నూట నలభై నాలుగు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. సారు గోడను వదిలి ముందుకు జరిగాడు. పలక మీద గబగబా రాసుకున్నాడు. ఆయనకు నిజంగానే ఏదో తెలియలేదని, ఇప్పుడే తెలిసిందని నాకు ఆ ఒక్కసారే అనిపించింది. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వే నేర్పినవా?"

"అవును సార్." (అంత ధైర్యం నాకు ఆ తర్వాత పెళ్ళి పీటల మీద కూడా రాలేదు.)

"అయితే నాకు మల్లొకసారి జెప్పు."

బోర్డు దగ్గర నేను నిలబడ్డ ఆ అయిదు నిమిషాల్లో కృష్ణలో ఎన్ని నీళ్ళు పోయాయో చెప్పలేను. చివరికి నా చేతిలోంచి సారే చాక్‌పీస్ తీసుకున్నాడు. కొడతాడనుకున్నాను. ఆయన దాన్ని అవ్వ చేతిలో పెట్టాడు. "అవ్వా, ఇయ్యాల్టి నుంచి ట్యూషన్ పిల్లవు నువ్వు. వీడు నీ సాక్షి. నువ్వు నేర్పు, వచ్చే అమావాస్యకు వీణ్ణి అడుగుత." అవ్వ ఆ చాక్‌పీస్‌ను ప్రసాదంలా కొంగున ముడేసుకుంది.

ఇక నా బతుకు బండల పాలైంది, అక్షరాలా. ఇంట్లో ప్రతి బండ మీదా చాక్‌పీస్ గీతలే. నేను పుస్తకంలోంచి లెక్క చదవాలి, అవ్వ దాన్ని ఏదో ఒక పోగుకో అంచుకో కట్టేసి, "ఇప్పుడు జెప్పు, ఎందుకట్లయింది?" అని అడగాలి. ఆమెకు రానివి నేను సారు దగ్గర నేర్చుకొచ్చి ఆమెకు చెప్పాలి. లేకపోతే ముసలమ్మ అన్నం ముట్టదు. "పరీక్ష వీనికా, నీకా?" అని అమ్మ మొత్తుకునేది. "సాక్షి తప్పితే మానం బోయేది నాది" అనేది అవ్వ. ఆ అమావాస్యకు నేను బోర్డు మీద కోటకొమ్మ గీసి బోర్లించి చూపించాను. సారు వెనక కూర్చుని, "ఆ ఇరవై నాలుగు యాడికెల్లి వచ్చింది?" అని అడిగాడు. మొదటిసారిగా నాకు తెలుసు.

సెప్టెంబర్ పరీక్ష రాశాను. పేపర్లో నంబరు పడింది. కొన్నాళ్ళకు మెమో చేతికొచ్చింది. పరుగెత్తి రాట్నం ముందు నిలబడ్డాను.

"ఎన్నొచ్చినయిరా మనకు?" అన్నది అవ్వ.

"ముప్పై ఆరు." (ముప్పై అయిదొస్తే పాస్.)

అవ్వ కళ్ళు మూసుకుని వేళ్ళు ముడిచింది. "ఒకటికెల్లి పదకొండు దాక, ఆరు వరుసలు. చిన్న కొమ్మనే గాని, నిండుగ నిలబడ్డది."

"ముప్పై అయిదు నీవే అవ్వా. నాది ఒక్కటే."

"ఆ ఒక్కటి లేకుంటే కొన యాడిదిరా పిచ్చోడా?" అని చెవి మెలిపెట్టింది. తర్వాత సూది, దారం నా చేతికిచ్చింది. చూపు ఆనక కాదు. నేను రాయచూరు పోవడం లేదని ఒకసారి సరిచూసుకుందామని.

ఇప్పుడు నా కళ్ళకే సూది బెజ్జం ఆనడం లేదు. మొన్న మా ఆవిడతో చీరల దుకాణానికి పోతే, గద్వాల చీర ఒకటి చేతికందింది. అద్దాలు ముక్కు మీదికి జార్చి, అంచు పట్టుకుని కొన నుంచి కిందికి వేలితో లెక్కపెట్టుకుంటున్నాను. దుకాణం అతను అనుమానంగా చూశాడు. "అంతసేపు ఏం జూస్తున్నరు?" అన్నది మా ఆవిడ.

"నా మార్కులు" అన్నాను.