రెక్కల కాయ

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, నా తోటివాళ్లంతా అక్కడి ఆఫీసుల్లో కుర్చీలు వెతుక్కుంటుంటే, నేను కడపలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరి వేంపల్లె కొండల్లో మొక్కలు వెతుక్కునేవాణ్ణి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నాకు తెలియని మొక్క కనిపిస్తే అది లోకానికే కొత్తదని గట్టి నమ్మకం. వానలు తగ్గాక ఒక బండ సందులో అలాంటిదే దొరికింది. చిన్న గొడుగుల్లాంటి తెల్లని పూలగుత్తులు, ఆకు నలిపితే వాము వాసన. కొత్తిమీర, జీలకర్ర, క్యారెట్ల కుటుంబమని తెలిసిపోయింది. పరుగున తెచ్చి మా పెద్ద లెక్చరరు (పిల్లలు పెట్టిన పేరు భూతద్దం సారు) ముందు పెట్టాను. ఆయన వాసన చూసి, "అడవి వామయ్యా. ఈ కుటుంబంలో పూలన్నీ ఒక్క తీరే. కాయ తీసుకురా, అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

కాయలు పండటానికి రెండు నెలలు. ఈలోగా నేను కాగితాల మధ్య ఆరబెట్టుకున్న మొక్కలు మాయమయ్యాయి. నేను అద్దెకున్న ఇంటి అవ్వ, "వాసన బాగుండాదని పప్పులో ఏస్తి నాయనా" అంది. అప్పటికే నేను రెండోసారి వడ్డించుకున్నాను. ఆ కుటుంబంలో విషపు మొక్కలూ ఉన్నాయని గుర్తొచ్చి సాయంత్రం దాకా నాడి పట్టుకుని కూర్చున్నాను (అవ్వ హాయిగా నిద్రపోయింది).

రెండు నెలలకు మళ్లీ కొండెక్కితే బండ సందులో మొక్క ఎండి రాలిపోయి ఉంది. నేను కూలబడటం చూసి మేకలు కాస్తున్న ఒకామె దగ్గరికొచ్చింది.

"ఏమప్పా, యాడన్నా దెబ్బ తగిలిందా?"

సంగతి చెప్పాను.

"అది వాము కాదప్పా. వాముకు రెక్కలుంటాయా? దీని కాయకు ఉంటాయి. ఆ పక్క నీడకు ఇంకా శానా ఉండాది, రా" అని ముందు నడిచింది.

ఆ కాయను అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే భూతద్దం సారు గంటసేపు కన్ను తీయలేదు. ఆ రెక్కలూ, లోపలి నూనె గొట్టాలూ ఆయన దగ్గరున్న ఏ పుస్తకంతోనూ కుదరలేదు. చివరికి మెల్లగా, "ఇంకో కాయ ఉందా?" అన్నారు. నమూనాలు మద్రాసు వెళ్లాయి. నెలల తర్వాత జవాబొచ్చింది: ఇంతవరకూ ఎవరూ వర్ణించని జాతి. సారు ఆ ఉత్తరాన్ని స్టాఫు రూములో నిలబడి రెండుసార్లు చదివి, "అడవి వాము అన్నది నేను. తప్పు నాదే" అని అందరి ముందూ చెప్పారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

పేరు పెట్టడం నా వంతయింది. (నా పేరే పెట్టుకోవాలని ఉండేది, అది మర్యాద కాదట.) కొండమీది ఆమె పేరును లాటిన్‌లోకి సాగదీసి పెట్టి, వెళ్లి చెప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, ఇంకోసారి చెప్పమంది. మూడోసారి కొండంతా వినబడేట్టు తనే పలికింది.

దిగేటప్పుడు ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాడు దారిలో కనబడిన ప్రతి మొక్కనూ పేరు పెట్టి పలకరించాడు. వాటిలో సగం తప్పులే. ఇప్పుడైతే దిద్దగలను గానీ, అతణ్ణి ఆపబుద్ధి కాదు.