ఆ ఈస్టర్‌కు రాని వేకువ చుక్క

నిన్న పొద్దున అబ్రహాం అంకుల్ ఫోన్ చేశారు. ఆయన మా చర్చి పెద్ద. ఎప్పుడూ ముందు ఇంట్లో అందరి బాగోగులు అడుగుతారు. నిన్న అడగలేదు.

"సుగుణమ్మ పోయింది బిడ్డా. నిద్రలనే."

స్టవ్ మీద పాలు పొంగిపోయిన సంగతి చాలాసేపటికి గమనించాను.

సుగుణ ఆంటీ మెట్టుగూడలో మా పై వాటాలో ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. సైన్స్ టీచర్‌గా రిటైరయ్యారు. ఆదివారాలు మాకు సండే స్కూల్ చెప్పేవారు. కాన్వెంట్‌లో నోరు విప్పని నేను ఆమె క్లాసులో మాత్రం ప్రశ్నలు అడిగేదాన్ని.

ఒక ఆదివారం శుక్రగ్రహం గురించి చెప్పారు. వేకువ చుక్క అంటే అదే.

సైజులో భూమికి తోబుట్టువు లాంటిది. కానీ అక్కడి దట్టమైన గాలి వేడిని బయటికి పోనివ్వదు. సీసం కూడా కరిగిపోతుంది. మేఘాల్లో ఉండేది యాసిడ్. అక్కడ సూర్యుడు పడమట ఉదయిస్తాడు.

మేం ఇళ్లకు వెళ్లి ఇదంతా చెప్పాం. చర్చి కమిటీకి కోపం వచ్చింది.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో చేరి, క్రీస్తుకు గుర్తైన వేకువ చుక్క కనబడ్డాకే మొదటి పాట అందుకోవడం మా చర్చి ఆనవాయితీ. కనబడని ఏడు మబ్బు పట్టిందనుకునేవాళ్లం.

"గసుంటి చుక్కను పట్టుకొని యాసిడ్ అంటవేందమ్మా?" అన్నారు అంకుల్. ఈస్టర్ తర్వాత క్లాస్ ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

ఆంటీకి ఉన్నది ఆ క్లాస్ ఒక్కటే.

"ఈ ఏడు అది పొద్దున రాదండీ. సాయంత్రాల్లో కనిపిస్తోంది. రేపు ఈస్టర్‌కి వస్తే క్లాస్ తీసేసుకోండి. రాకపోతే నాకు వదిలేయండి," అన్నారు ఆంటీ.

"చుక్కకు సుత షిఫ్టులుంటయా, రైల్వేల లెక్క?"

అందరూ నవ్వారు.

ఈస్టర్ రోజు కొవ్వొత్తులు పట్టుకుని తూర్పుకు తిరిగి నిలబడ్డాం. మబ్బు లేదు. చుక్క కూడా లేదు. మైనం కరిగి వేళ్ల మీద పడుతోంది. అంకుల్ మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"జెర ఆగుండ్రి," అన్నారు.

తూర్పు ఎర్రబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు ఆంటీ పాట అందుకున్నారు. శ్రుతి లేని గొంతు. అయినా అందరం కలిశాం. ఇక అంకుల్ వైపు ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం ఆంటీ మమ్మల్ని డాబా ఎక్కించారు. పడమట, స్టేషన్ వైపు, లైట్లకు పైన, తెల్లగా ఉంది చుక్క. అంకుల్ కూడా వచ్చారు.

"ఇదేనా?"

"ఇదేనండీ."

ఆయన చాలాసేపు చూశారు. "క్లాస్ మీరే చెప్పుండ్రి."

మొన్నటిదాకా ఆంటీయే చెప్పారు.

ఈమధ్య ఒకసారి నాతో అన్నారు. "నేను పోయాక చుక్కనయ్యానని ఎవర్నీ రాయనివ్వకమ్మా. సికింద్రాబాద్ మే నెల ఎండే పడలేకపోతున్నాను."

అందుకే, దయచేసి కామెంట్లలో ఆ మాట రాయకండి.

ఈ సాయంత్రం మట్టి వేయడం అయ్యాక అంకుల్ నా పక్కన నిలబడ్డారు. పడమటి వైపు చూస్తున్నారు. ఎటు వెతకాలో ఆయనకు ఇప్పుడు తెలుసు.

"ఆదివారం పిల్లలకు నువ్వు చెప్తవా బిడ్డా?"

నలుగురి ముందు మాట్లాడటం నాకు రాదని ఆయనకు తెలుసు.

చెప్తానన్నాను.

ఆంటీ, చల్లని మట్టిలో నెమ్మదిగా నిద్రపోండి. ఆదివారం క్లాస్ ఉంటుంది.