తుడుపుగుడ్డ మీద దారులు

మా పక్కింటి మేస్త్రి గారు పోయారు. మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి ఆనుకున్నారట. అంతే. చర్చి మైకులో ఆయన ప్రభువునందు నిద్రించారని చెప్పేటప్పటికి నేను బడికి తయారవుతున్నాను. ఇన్నేళ్లలో ఆ మనిషి పగలు కునుకు తీయడం నేను చూడలేదు. అందుకేనేమో, ఆ మాట కాసేపు బుర్రకెక్కలేదు.

నరసరావుపేట దగ్గర మా ఊళ్లో ఆయన మోపెడ్లకీ మోటారు సైకిళ్లకీ మెకానిక్కు. ఇంటి ముందున్న రేకుల షెడ్డే దుకాణం. నేను జిల్లా పరిషత్తు బళ్లో తెలుగు టీచర్ని. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది మాత్రం నా గేర్ల సైకిలు. ఆరేళ్ల క్రితం డాక్టరు నాకు షుగరు అంచులో ఉందని, రోజూ నడవమని చెప్పాడు. నడవడం నాకు విసుగు. కొండలెక్కే సైకిలు కొనుక్కున్నాను. నలభయ్యేళ్ల టీచరమ్మ హెల్మెట్ పెట్టుకుని చేల గట్ల వెంట పోతుంటే ఊరు నవ్వకుండా ఉంటుందా? నవ్వింది. ఆయనొక్కరే నవ్వలేదు, ముందు చక్రం దగ్గర కూర్చుని దాన్ని పట్టి ఉంచే ఫోర్కుకేసి చూశారు.

ఆ ఫోర్కుకి రెండు కాళ్లు. గతుకు తగిలితే మెరిసే పై గొట్టాలు కింది గొట్టాల్లోకి దిగి, మళ్లీ లేస్తాయి. ఆ కుదుపు మన చేతులకి రాదు. కొన్న రెండు నెలలకే నాది కీచుమనడం మొదలుపెట్టింది. మా తాతకి ఎడ్లబండి ఉండేది. ఇరుసు కీచుమంటే ఆయన ఆముదం కలిపిన కందెన పట్టించడం చిన్నప్పుడు చూశాను కదా, ఆ తెలివితో నేనూ ఇంట్లో ఉన్న ఆముదం ఆ గొట్టాలకి దట్టంగా పట్టించాను. పట్టించి, మార్చి నెల్లో, మిరప కల్లాల మధ్య నుంచి కొండవీడు దాకా వెళ్లొచ్చాను. సాయంత్రానికి ఫోర్కు ఆవకాయ జాడీ మూతిలా తయారైంది.

మేస్త్రి గారు కళ్లజోడు పైకెత్తి చూసి, "ఆవపిండి ఒక్కటే తక్కువైంది టీచరమ్మా" అన్నారు.

ఆ తర్వాత గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. తుడిచారు, తుమ్మారు, మళ్లీ తుడిచారు. నేనూ తుమ్మాను. వాకిట్లో బియ్యం ఏరుతున్న ఆయన భార్య, నేను పిన్నిగారంటాను, ఆవిడా తుమ్మి, ఈ సైకిలు ఇంటికి రాకముందు మేం ఆరోగ్యంగా ఉన్నామని సణిగారు. బండి ఇరుసుకి కందెన మందు, దీనికి అదే జబ్బు అని ఆ రోజు ఆయన చెప్పారు. పైన జిడ్డుంటే దుమ్ము అంటుకుంటుంది, ఆ దుమ్ము గొట్టాన్ని ఆకురాయిలా గీస్తుంది. "నూనె పోయడానికేముంది, ఎవరైనా పోస్తారు. తుడవడం రావాలి" అన్నారు. ఈ మాట ఆరేళ్లలో కొన్ని వందలసార్లు విని ఉంటాను.

సైకిలు ఫోర్కు విప్పడం ఆయనకీ అదే మొదలు. దాంతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకం నేను చదివి తెలుగులో చెబుతుంటే, ఆయన చెప్పుల డబ్బా అట్ట మీద బొమ్మ గీసుకున్నారు. గొట్టం మూతి దగ్గర మట్టిని ఆపే రబ్బరు సీలు, దాని కింద నూనె పీల్చుకునే స్పాంజి రింగు, అడుగున బోల్టు. ఒక్కో కాలికీ పది మిల్లీల నూనె చాలని చదివితే నమ్మలేదు. చంటిపిల్లలకి పట్టే దగ్గుమందు కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుందని వాదించి, మోటారు సైకిలు లెక్కలో ధారాళంగా పోసేశారు. చర్చి ముందు స్పీడు బ్రేకరు దగ్గర ఆ నూనె సీళ్లలోంచి పైకి తన్ని నా కొత్త చుడీదారు మీద పడింది. ఆదివారం, జనమంతా అక్కడే ఉన్నారు. ఆయన నింపాదిగా వచ్చి, పుస్తకమే గెలిచిందని అందరి ముందూ ఒప్పుకున్నారు. మర్నాడు దగ్గుమందు సీసా మూత ఒకటి కడిగి, నూనె కొలవడానికి పెట్టుకున్నారు.

ఆయన గుడ్డ చూసి నేనెటు వెళ్లొచ్చానో చెప్పేసేవారు. తుడుపుగుడ్డంటే పాత నీలిగళ్ల లుంగీ ముక్క. దాని మీద నల్లగా జిగట ఉంటే పత్తి చేల డొంక. ఎర్రగా ఉండి తుమ్మొస్తే మిరప కల్లాలు. తెల్లగా ఉంటే పిడుగురాళ్ల వైపు సున్నం దుమ్ము. ఆ రోడ్డులో లారీలెక్కువని మా ఆయన నన్ను వెళ్లొద్దన్నారు. ఒకసారి వెళ్లి, ఊళ్లోనే తిరిగానని చెప్పాను. ఆ సాయంత్రం మా ఆయన పక్కనే ఉండగా మేస్త్రి గారు గుడ్డ విదిలించి, మనూళ్లో సున్నం బట్టీ ఎప్పుడు పెట్టారని అడిగారు. నా పరువు కృష్ణలో కలిసింది.

పనంతా అయ్యాక ఆయనదొక పరీక్ష ఉండేది. హ్యాండిలు మీద రెండు అరచేతులూ ఆనించి ఒక్కసారి నొక్కి వదిలేవారు. తల పక్కకి వాల్చి వినేవారు. నచ్చితే "ఊఁ" అనేవారు. తాను చేసినదానికి తానే ఊఁ కొట్టుకునేవారు కూడా. నేను చేస్తే మాత్రం ఎప్పుడూ ఒకటే మాట, ఇంకోసారి తుడవండి అని. బళ్లో పిల్లలకి మార్కులు వేసే నేను, ఆ ఒక్క ఊఁ కోసం ఆరేళ్లు చిన్నపిల్లలా ఎదురుచూశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజం.

పోయిన సోమవారం మళ్లీ ఫోర్కు విప్పాం. కుడివైపు కొత్త సీలు నేను బిగించాను, ఆయన చూస్తూ కూర్చున్నారు. ఎడమది రేపు చూద్దాం, అంతా నువ్వే చేద్దువుగాని అన్నారు. ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ పూట నువ్వు అన్నారు. ఆ రేపు మంగళవారం.

పత్తి చేల మధ్య నుంచి సమాధుల తోటకి పోయే డొంక గతుకులమయం. పెట్టె మోసే బండి కుదుపులకి లోనవుతుందని కుర్రాళ్లంతా పూనుకుని అప్పటికప్పుడు ఎర్ర గ్రావెలు పోయించారు. ఊరందరి బండ్ల కుదుపులు తీసిన మనిషికి అది న్యాయమే అనిపించింది. ఏడ్చాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ఏడుపుకన్నా నవ్వే ముందొస్తోంది, ఏం చేయను. ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు గారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ముందు చక్రం లేని నా సైకిలు షెడ్డులో తలకిందులుగా నిలబడే ఉంది. దాన్ని పక్కకి తీస్తామంటే పిన్నిగారు ఒప్పుకోలేదు.

మర్నాడు ఒంటిపూట బడి అయ్యాక వచ్చి పని మొదలుపెట్టాను. ఎడమ సీలు మూడుసార్లు వంకరగా దిగింది. నాలుగోసారి కుదిరింది. స్పాంజి రింగులు నూనెలో నానబెట్టాను, దగ్గుమందు మూతతో పది మిల్లీలు కొలిచి ఒక్కో కాలిలో పోశాను, అడుగు బోల్టులు బిగించి, చక్రం ఎక్కించి, సైకిలు తిప్పి నిలబెట్టాను. తుడిచాను, మళ్లీ తుడిచాను. హ్యాండిలు నొక్కి వింటే నాకేమీ తెలియలేదు. అది మంచి చప్పుడో కాదో చెప్పాల్సింది ఆయన. సైకిలెక్కి ఒక చుట్టు తిరిగొచ్చాను.

వచ్చేసరికి పిన్నిగారు గుమ్మంలో ఉన్నారు. మేకుకి వేలాడుతున్న లుంగీ ముక్క తీసుకుని ఫోర్కు కాళ్లు తుడిచి, ఎండలో పెట్టి చూశారు. అడుగున నలుపు, పైన ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చారు. తుమ్ము రాలేదు.

"ఇది మిరప ఎరుపు కాదు. ఆయన దగ్గరికి వెళ్లొచ్చావా?" అన్నారు.

నేను తలూపాను. ఆవిడ గుడ్డ భుజాన వేసుకుని, హ్యాండిలు మీద రెండు అరచేతులూ ఆనించి నొక్కి వదిలారు. తల పక్కకి వాల్చారు. షెడ్డు రేకుల మీద పిచుకలు అరుస్తున్నాయి, అవి సద్దుమణిగేదాకా ఆగి, మళ్లీ నొక్కి విన్నారు.

"ఊఁ."

ఆ గుడ్డని ఆవిడ ఉతకలేదు. నలుపూ ఎరుపూ అలాగే ఉంచి, తీసిన మేకుకే తగిలించి, నాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్లారు.