చక్కెర వెయ్యని కోకో

ఫేరెటి బస్సు డ్రైవరు. సవాయీ దీవిలో తెల్లారకముందే జనాన్ని పడవ రేవుకి చేర్చే చెక్క బస్సు అతనిది. పొట్ట స్టీరింగుకి ఆనేది. అలాంటివాడు, షుగర్ జబ్బు మనుషుల కోసం దీవి చుట్టూ సైకిళ్ళు తొక్కి చందాలు పోగుచేసే యాత్రకి పేరిచ్చాడంటే రేవంతా నవ్వింది.

"ముందు ఆ సైకిలుకి చందా పోగెయ్యాలి, పాపం!" అన్నారు.

అక్క మాతాలేనా కోసం తొక్కుతున్నాడని అందరూ అనుకున్నారు. ఆ జబ్బుతోనే వాళ్ళమ్మ పోయింది. మాతాలేనాకి మోకాలి కింద కాలు తీసేశారు. "మా ఇంట్లో వీడొక్కడైనా తప్పించుకున్నాడు" అని ఆమె ప్రతి ప్రార్థనలోనూ దేవుడికి కృతజ్ఞత చెప్పుకునేది.

ఫేరెటి తప్పించుకోలేదు. మాత్రల సీసా బస్సు సీటు కింద దాచుకుని చాలాకాలంగా మింగుతున్నాడు. యాత్ర మొదలయ్యే వారమే నర్సు అతని బొటనవేలి మీది పుండు చూసింది. "బూటు తొడగొద్దు, తీపి ముట్టొద్దు. లేదంటే వేలు పోతుంది, తర్వాత కాలు" అంది. యాత్ర మానుకుంటే ఎందుకని అక్క అడుగుతుంది. పుండుకి గుడ్డ చుట్టి, బూటు తొడుక్కుని బయల్దేరాడు.

దారిలో ప్రతి ఊరూ వాళ్ళని ఆపి విందు పెట్టింది. వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపితే మా దగ్గర ఊరంతటికీ తలవంపు. కొబ్బరిపాకంలో ముంచిన ముక్కలు, వేయించిన తీపి ఉండలు, చెంచా నిలబడేంత చక్కెర వేసిన కోకో. షుగర్ కోసం తొక్కేవాళ్ళకి ఇవేమిటని ఎవరికీ తోచలేదు. ఫేరెటి ఊరూరా తిన్నాడు. వద్దంటే కారణం చెప్పాలి.

ఆఖరి మజిలీకి ముందు సొంత ఊరు. అక్కడి మహిళా సంఘానికి మాతాలేనాయే పెద్ద. ఆమె విందు. ఇక్కడ మాత్రం ఫేరెటి ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. ఇంటివాళ్ళు అతిథులతో కూర్చోరు, వడ్డించి ఆఖర్న తింటారు. సైకిలు స్తంభానికి ఆనించి, తువ్వాలు భుజాన వేసుకుని పళ్ళేలు అందుకున్నాడు.

"ఒరేయ్, అవి కింద పెట్టు" చక్రాల కుర్చీలోంచి మాతాలేనా కేకేసింది. "ఇవాళ నువ్వు అతిథివి. కూర్చో."

"నా ఇంట్లో నేను అతిథినేంటక్కా?"

"దీవంతా తిని వచ్చి నా చేతి కోకో దగ్గర సిగ్గొచ్చిందా? పొట్ట చూస్తే అలా లేదే!"

అందరూ నవ్వారు. ఆమె తనే కప్పు నింపి చాపింది. మా దగ్గర అక్క మాట తమ్ముడు కాదనకూడదు, అందులోనూ నలుగురి ముందు. ఫేరెటి కప్పు అందుకున్నాడు. పెదాల దాకా తెచ్చాడు. తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నాకూ ఉందక్కా."

"ఏముంది?"

అతను పుండున్న కాలు వెనక్కి జరుపుకున్నాడు. ఆమె అతని మొహం చూసి, తర్వాత కాళ్ళవైపు చూసింది.

"బూటు విప్పు."

విప్పాడు. గుడ్డ తడిసి ఉంది. ఆమె వంగి వేలిని కాసేపు పరీక్షగా చూసింది.

"నాదీ ఇంతే ఉండేది మొదట" అంది.

తర్వాత పొయ్యి దగ్గర ఆడవాళ్ళవైపు తిరిగింది. "ఆ కోకో పారబొయ్యండి. మళ్ళీ కాచండి, చక్కెర వెయ్యకుండా."

కాచారు. యాత్రికులందరూ మర్యాదకి తాగారు. పాస్టరు గారు ఒక గుక్క మింగి, "ఇది కోకోనా అమ్మా, పశ్చాత్తాపమా?" అన్నారు. మాతాలేనా నవ్వలేదు.

సైకిళ్ళు రేవువైపు సాగిపోయాయి. ఫేరెటిది స్తంభానికే ఉండిపోయింది. వెంట వచ్చిన ట్రక్కులో అతన్ని ఆసుపత్రికి పంపుతూ మాతాలేనా తననూ ఎక్కించమంది. కుర్చీ పట్టలేదు. కుర్చీని అక్కడే వదిలి, ఆమెని ఎత్తి అతని పక్కన కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆమె ఎప్పటి మాట చెప్పలేదు. వేలు ఒక్కటే తీశారని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది.