ఉట్టి మీద లాప్‌టాప్

2008లో నేను కోడూరు మండల విద్యాధికారిని. మండలంలోని బడులన్నీ తనిఖీ చేసి పైకి నివేదిక పంపడం నా పని. పైవాళ్ళ చీవాట్లూ, కిందివాళ్ళ సణుగుళ్ళూ అదనం.

ఆ ఏడు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే కొందరు కుర్రవాళ్ళు చందాలు వేసుకుని, పిల్లల కోసమే తయారైన చౌక లాప్‌టాప్‌లు కొని, హంసలదీవి దగ్గర ఒక మత్స్యకారుల పల్లె బడికి ఇచ్చారు. వాళ్ళకు పెద్ద ఎస్తేరు రాణి, అవనిగడ్డ అమ్మాయి. ఆమె షరతు ఒక్కటే: అవి బడి బీరువాలో మగ్గకూడదు, పిల్లల వెంట ఇంటికి వెళ్ళాలి.

కొన్ని నెలలకు ఆమె ముఖం వేలాడేసుకుని నా ఆఫీసుకు వచ్చింది. ఎంతసేపు వాడారో ఆ యంత్రమే గుర్తుపెట్టుకుంటుందట. ఇళ్ళలో ఒక్కరూ మూత తెరవలేదు. గుడివాడలో ఒక బడివాళ్ళు అడుగుతున్నారు, మీరు చూసి వాడకం లేదంటే అక్కడికి పంపేస్తాం అంది. ఆ పల్లె బడి హెడ్మాస్టరు మాత్రం, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట, మన పల్లెకు కంప్యూటర్లేంటండీ" అని నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది.

ఎస్తేరును వెంటబెట్టుకుని నాలుగో తరగతి తులసి ఇంటికి వెళ్ళాను. లాప్‌టాప్ నిజంగానే ఉట్టిలో ఉంది! పాలిథిన్ సంచిలో చుట్టి, దూలానికి వేలాడదీశారు. తులసి మోచేతికి కట్టు. బియ్యం డబ్బా ఎక్కి అందుకోబోయి పడిందట. పట్టుకుపోతారని అప్పటికే తెలిసినట్టుంది, పిల్ల గుంజ పట్టుకుని ఏడుస్తోంది.

"ఆకాశంలో పెడితే పిల్ల ఏం చదువుతుందమ్మా?" అని గదమాయించాను. తల్లి నాగరత్నం చేపల గంప దించి నా మీదికే వచ్చింది. "కింద పెడితే కోళ్ళు తొక్కుతాయి, చిన్నోడు నీళ్ళు పోస్తాడు. ఉప్పెనొస్తే ముందు మునిగేది నేలేగదండీ. దించితే పాడవుద్ది, దించకపోతే మీరు పట్టుకుపోతారు. ఏం చెయ్యమంటారు మమ్మల్ని?"

"పోనీ, సగం దించండి" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

వల బాగుచేసుకుంటున్న తండ్రి దాన్ని పక్కన పెట్టాడు. లేచి, ఉట్టి తాడు విప్పి, దూలానికి బావి గిలక లాంటి పడవ కప్పీ ఒకటి కట్టి, దాని మీదుగా తాడు వేసి మెల్లగా వదిలాడు. పిల్ల కూర్చుంటే ఛాతీకి అందే ఎత్తుకు ఉట్టి దిగి ఆగింది; తాడు లాగితే మళ్ళీ పైకి పోతుంది. తులసి కింద కూర్చుని, కట్టు చేత్తోనే సంచి విప్పి మూత తెరిచింది. లాప్‌టాప్ మెల్లగా ఊగుతోంది.

"అలా ఊగుతుంటే ఎలా చదువుతుంది?" అంది ఎస్తేరు.

"పడవల్లో పెరిగిన పిల్లలండీ. ఊగకపోతేనే తోచదు" అంది నాగరత్నం.

మళ్ళీ తనిఖీకి వెళ్ళేసరికి పల్లెలో చాలా ఇళ్ళలో కప్పీలు వేలాడుతున్నాయి. లాప్‌టాప్‌లు గుడివాడ వెళ్ళలేదు. "వాడకం ఉంది" అని రాసి సంతకం పెట్టాను.

ఆ తరవాత నా సర్వీసులో బడికి ఏ కొత్త వస్తువు వచ్చినా, అదేం చేస్తుందని ముందు అడగలేదు. ఇంట్లో దాన్ని ఎక్కడ పెడతారని తల్లులను అడిగాను.